ఇంట్లో లక్కీ బాంబూ, దాని నీళ్ళ సంగతి



వరి నారుమళ్ళ గురించో, పత్తిలో గులాబీరంగు పురుగు గురించో చెప్పవలసిన మనిషి గాజుగిన్నెలో పెట్టుకునే మొక్క గురించి చెప్పడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. గాని ఈ మధ్య ఏ ఊరికి వెళ్ళినా టీవీ పక్కనో, దేవుడి గూటి ముందో, కొత్త ఇంటి కిటికీలోనో, ఎర్రదారం చుట్టిన మూడు పచ్చని కర్రలు నీళ్ళలో నిలబడి కనిపిస్తున్నాయి. గృహప్రవేశానికి చుట్టాలు తెచ్చినవి కొన్ని, పట్నంలో చదువుకునే పిల్లలు తెచ్చినవి కొన్ని. ఇంట్లో ఉంటే అదృష్టం వస్తుందని చెప్పి ఇస్తారు. నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నిరుడు వానకాలంలో నల్లగొండ ప్రాంతంలో ఒక ఊరికి పత్తి చేలు చూడటానికి వెళ్ళాను. చేను చూసి వచ్చి రైతు ఇంట్లో కూర్చున్నాక, ఆయన తల్లి ఒక గాజుగిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"సారూ, చేన్లకు మందులు చెప్తవు గద, దీనికి గూడ ఏదన్న చెప్పు. కోడలు పట్నం నుంచి తెచ్చింది. ఆకుల కొసలన్ని మాడిపోతున్నయి. దిష్టి తగిలిందని అంటున్నరు" అన్నది.

ఆమె చెప్పింది నిజమే. ప్రతి ఆకు కొసా కాలిన కాగితంలాగ గోధుమరంగుకు తిరిగి ఉంది. గిన్నె ఎత్తి వెలుతురులో చూశాను. నీళ్ళపైన సన్నని పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. గిన్నె కదపగానే మెలికలు తిరుగుతూ అడుక్కు దిగాయి.

"దిష్టి సంగతి నాకు తెలియదు గాని అవ్వా, మీరు ఇంట్లో దోమలను పెంచుతున్నారు" అన్నాను.

అప్పుడు చెప్పారు, మనుమడు మూడు రోజులుగా జ్వరంతో పడుకొని ఉన్నాడని. ముందు పిల్లవాణ్ణి రక్తపరీక్షకు ఆస్పత్రికి పంపించి, ఆ తరువాతనే మొక్క సంగతి చూశాము. పరీక్షలో డెంగీ లేదని తేలింది, అందరం ఊపిరి పీల్చుకున్నాము. ఆనాడు ఆ ఇంటి అరుగు మీద చెప్పిన మాటలనే ఇవాళ మీ అందరికీ చెబుతాను. ఈ మొక్క బతికినా చచ్చినా, ఇంటికి అందం తెచ్చినా రోగం తెచ్చినా, అంతా అది నిలబడిన నీళ్ళను బట్టే ఉంటుంది.

పేరు వెదురు, జాతి వేరు

మొట్టమొదట తెలుసుకోవలసింది ఏమంటే, ఇది వెదురు కాదు. వెదురు గడ్డిజాతి మొక్క. మన వరికీ, జొన్నకూ, చెరకుకూ దగ్గర చుట్టం. ఈ మొక్కను శాస్త్రజ్ఞులు డ్రసీనా శాండరియానా అంటారు. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో పెద్ద నర్సరీ నడిపిన హెన్రీ ఫ్రెడరిక్ కొన్రాడ్ శాండర్ అనే ఆయన పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. ఇది శతావరి కుటుంబంలోనిది. చేని గట్ల మీద కనిపించే కిత్తనార కూడా ఆ కుటుంబంలోదే. వెనకటికి నార తీసిన చాగ మొక్క మీకు తెలుసుగదా, దానిని ఈ మధ్య శాస్త్రజ్ఞులు డ్రసీనా జాతిలోనే కలిపారు. కాబట్టి పేరు చూసి వెదురు అనుకున్న మొక్క అసలు మన చాగకు చుట్టమన్నమాట.

దీని పుట్టిల్లు చైనా అనుకుంటాము గాని అదీ కాదు. ఆఫ్రికా ఖండంలో కామెరూన్, దాని పరిసర దేశాల అడవులలో, పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్క ఇది. చైనావారు దీనిని ఫూ గ్వే జూ అంటారు, అంటే సిరినీ హోదానూ తెచ్చే వెదురు అని అర్థం. కణుపులు కణుపులుగా ఉండటం చూసి వెదురన్నారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో దీనిని నీడపందిళ్ళ కింద పంటగా పండించి, కర్రలు కోసి ప్రపంచమంతటికీ అమ్ముతున్నారు.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, మొక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే దానికేమి కావాలో తెలుస్తుంది. అడవిలో చెట్ల నీడన పెరిగింది కనుక దీనికి నీడ కావాలి, వెచ్చదనం కావాలి, గాలిలో కొంచెం చెమ్మ కావాలి. వాననీటితో పెరిగింది కనుక ఉప్పులు తక్కువగా ఉన్న నీళ్ళు కావాలి.

ఎక్కడ పెట్టాలి

ఎండ నేరుగా తగిలితే ఆకులు పాలిపోయి, మచ్చలుపడి మాడిపోతాయి. అలాగని చీకటిగదిలో పెడితే కాడలు బలహీనంగా సాగి, ఆకులు చిన్నవై రంగు తగ్గుతాయి. పగటిపూట దీపం వేయకుండా పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే చాలు. తూర్పు కిటికీకి రెండు మూడు అడుగుల లోపల, లేదా ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టడం మంచిది. పడమటి కిటికీ అయితే తెర వేయండి.

వేడి 18 నుంచి 32 డిగ్రీల వరకు దీనికి హాయిగా ఉంటుంది. మన ఎండాకాలం 42 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, ఆ రెండు నెలలూ ఇంట్లో చల్లని మూలకు జరపండి. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం కప్పు కింద ఎత్తున పెట్టవద్దు, నేలకు దగ్గరగా పెట్టండి. కూలరు గాలి, ఏసీ గాలి నేరుగా తగలనీయవద్దు. చలికాలం రాత్రుళ్ళు తెరిచిన కిటికీలో వదిలివేయవద్దు. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడిస్తే మొక్క కళకళలాడుతుంది.

ఇంట్లో పిల్లి గాని కుక్క గాని ఉంటే అందనంత ఎత్తున పెట్టండి. ఈ మొక్కలో సాపొనిన్లు అనే పదార్థాలుంటాయి. అవి పిల్లులకూ కుక్కలకూ పడవు. ఆకు నమిలితే వాంతులు పట్టుకుంటాయి. దోగాడే పిల్లలకు కూడా అందనీయకూడదు.

ఏ నీళ్ళు పోయాలి

ఇక అసలు సంగతికి వద్దాము. నల్లగొండ అవ్వ ఇంట్లో తాగడానికి మిషన్ భగీరథ నీళ్ళు వస్తున్నాయి. మొక్కకు మాత్రం బోరు నీళ్ళు పోస్తున్నారు. "మొక్కకేమి నీళ్ళయితేనేమి" అనుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు.

డ్రసీనా జాతి మొక్కలకు ఫ్లోరైడు పడదు. నీళ్ళలోని ఫ్లోరైడు వేళ్ళలోంచి ఎక్కి, ఆకులోకి వచ్చి, నీరు ఆవిరయిపోయే ఆకు కొసలోనే పేరుకుంటుంది. అందుచేత ముందు కొస మాడుతుంది, తరువాత అంచు మాడుతుంది. మాడిన భాగం మళ్ళీ పచ్చబడదు. మంచి నీళ్ళు పోయడం మొదలుపెడితే కొత్తగా వచ్చే ఆకులు బాగుంటాయి.

నీళ్ళను కాచి చల్లార్చి పోస్తే సరిపోతుందని కొందరంటారు. పొరపాటు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ సంగతి వేరు. దానివల్ల కూడా కొసలు మాడవచ్చు గాని, వెడల్పు గిన్నెలో ఒక రాత్రి ఉంచితే చాలావరకు పోతుంది. ఈ మొక్కకు అన్నిటికంటే మంచివి వాననీళ్ళు. శుభ్రమైన కప్పు మీద పడిన వాననీటిని, మొదటి జల్లు పోనిచ్చి, మూత ఉన్న డబ్బాలో పట్టి ఉంచుకోండి. అవి లేకపోతే ఆర్‌ఓ యంత్రంలో శుద్ధి అయిన నీళ్ళు పోయండి. ఆ యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయవద్దు, ఉప్పులన్నీ అందులోనే ఉంటాయి.

కొస మాడిన ప్రతి మొక్కకూ ఫ్లోరైడే కారణమని అనకూడదు. ఎరువు ఎక్కువైనా, ఉప్పునీళ్ళు పోసినా, పొడిగాలి కొట్టినా కొసలు మాడతాయి. ఆకు చూసి నీటిలో ఎంత ఫ్లోరైడు ఉన్నదో చెప్పలేము. ఆకు కొస మనకు ఒక అనుమానం కలిగిస్తుంది, అంతే. ఆ అనుమానం తీర్చేది పరీక్షే.

ఆ పరీక్ష మొక్క కోసం చేయించమనడం లేదు, మనుషుల కోసం చేయించమంటున్నాను. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు తాళుకోవచ్చు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గార పట్టి, కీళ్ళు బిగిసి, ఎముకలు వంగిపోతాయి. కనిగిరి, పొదిలి ప్రాంతాలలో ఈ జబ్బును వైద్యులు 1937లోనే లోకానికి తెలియజేశారు. మునుగోడు, మర్రిగూడ పరిసరాలలో ఈ జబ్బుతో నడుములు వంగిన మనుషులను మీలో చాలామంది చూసే ఉంటారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించారు. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారంటేనే ఆ జిల్లా ఎంత బాధపడిందో తెలుస్తుంది.

అవ్వను అడిగాను, "బోరు నీళ్ళు తాగుతారా?" అని. "ఇంట్ల తాగం సారూ, చేను కాడ దాహమైతే అవే తాగుతం. కూలోళ్ళు గూడ అవే తాగుతరు" అన్నది. పత్తి తీత నెలల తరబడి సాగుతుంది. ఆ నాళ్ళంతా కూలీలు, వారి వెంట వచ్చే పిల్లలు తాగేవి ఆ నీళ్ళే. ఆకు మాడితే దానిపైన కొత్త ఆకు వస్తుంది. పిల్లవాడి ఎముక వంగితే తిరిగి సరికాదు. ఇంటి నుంచి ఒక డబ్బా మంచినీళ్ళు చేనికి తీసుకుపోవడం ఏమంత పెద్ద పని కాదుగదా!

నీటి నమూనా తీయడం సులువే. బోరు ఐదు నిమిషాలు వదిలిపెట్టండి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. ఫ్లోరైడు పరీక్షకు గాజుసీసా పనికిరాదు. ఊరు పేరు, బోరు ఎవరిది, తేదీ రాసి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపించండి.

వారానికి ఒకసారి నీళ్ళు మార్చాలి

ఇక దోమ సంగతి. డెంగీ తెచ్చే దోమ మురికి కాలువలో పుట్టేది కాదు. ఒంటి మీద, కాళ్ళ మీద తెల్లని చారలుండే నల్లదోమ ఇది. పగటిపూట కుడుతుంది. నిలవ ఉన్న తేటనీళ్ళంటే దానికి ఇష్టం. లక్కీ బాంబూ గిన్నెలో నీళ్ళు తేటగా ఉంటాయి, నీడగా ఉంటాయి, ఎవరూ కదిలించరు. దోమకు అంతకన్న మంచి చోటు ఏముంటుంది?

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2001లో దక్షిణ చైనా నుంచి అమెరికాలోని లాస్ ఏంజెలెస్ రేవుకు లక్కీ బాంబూ కర్రలను నీళ్ళలో నిలబెట్టి ఓడలలో తెచ్చారు. ఆ నీళ్ళలో ఆసియా పులిదోమ వచ్చింది. డెంగీని మోసే దోమలలో అదొకటి. ఆ తరువాత నిలవనీళ్ళతో ఈ కర్రలను తేరాదని అక్కడివారు కట్టడి చేయవలసి వచ్చింది. 2005లో నెదర్లాండ్స్ దేశంలో లక్కీ బాంబూ దిగుమతి చేసుకునేవారి గాజుఇళ్ళలో కూడా అదే దోమ కనబడింది. సముద్రాలు దాటించిన మొక్క మన నట్టింట్లో దోమను పెంచడం వింత కాదు.

దోమ గుడ్డు పిగిలి పురుగై, పురుగు గూడుకట్టి, రెక్కలొచ్చి ఎగిరిపోవడానికి మన వేడిలో వారం, పది రోజులు చాలు. అందుకనే వారానికి ఒకసారి నీళ్ళు మార్చమంటున్నాము. మన రాష్ట్రాలలో ఆరోగ్య శాఖవారు శుక్రవారాన్ని డ్రై డే అంటారు. ఆ రోజు ఇంట్లోని నిలవనీళ్ళన్నీ ఒలకబోయాలి. ఈ గిన్నె కూడా ఆ లెక్కలో చేర్చండి.

అయితే, నీళ్ళు ఒలకబోస్తే సగం పనే అయినట్లు. ఈ దోమ గుడ్లను నీళ్ళలో వదలదు. నీటిమట్టానికి కొంచెం పైన, తడి గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండి ఉన్నా చావవు. తిరిగి నీళ్ళు తగలగానే పిగులుతాయి. కనుక గిన్నె లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా తోమాలి, గులకరాళ్ళను కూడా రుద్ది కడగాలి. పాతనీళ్ళను కాలువలో పోయవద్దు, ఎండిన నేల మీద పోయండి. పురుగులుంటే అక్కడే చస్తాయి.

వారం వారం ఈ పని చేయవలసిన క్రమం ఇలా పెట్టుకోండి. కర్రలను తీసి, వేళ్ళను మంచినీళ్ళలో మెల్లగా కడగండి. వేళ్ళు ఎర్రగా ఉన్నాయని భయపడవద్దు, ఈ మొక్కకు ఆరోగ్యమైన వేళ్ళు ఎర్రగానే ఉంటాయి. నల్లగా, జిగటగా ఉన్నవాటిని మాత్రం కత్తిరించి పారవేయండి. గిన్నె, రాళ్ళు తోమి, కర్రలను నిలబెట్టి, వేళ్ళు మునిగేంతవరకే నీళ్ళు పోయండి. రెండు అంగుళాలు చాలు. కర్ర సగందాకా నీళ్ళు పోస్తే కాడ కుళ్ళుతుంది. గాజుగిన్నెకు వెలుతురు తగిలి పాచి పడుతుంటే, చుట్టూ రంగుకాగితం చుట్టండి, లేదా పింగాణీ గిన్నెలోకి మార్చండి. పురుగుమందు ఖాళీ సీసాను, డబ్బాను కడిగి ఇందుకు వాడదామని ఎవరూ అనుకోవద్దు. కడిగినా విషం పోదు. దానిని ఇంట్లోకే తేకూడదు.

వారం వారం మార్చడం మా వల్ల కాదంటారా? అయితే మొక్కను మట్టిలోకి మార్చండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఎరువు సమపాళ్ళలో కలిపి, అడుగున బెజ్జం ఉన్న కుండీలో నింపి నాటండి. మొదటి రెండు వారాలు మట్టిని తడిగా ఉంచండి. తరువాత పైమట్టి అంగుళం లోతు ఆరినప్పుడల్లా నీళ్ళు పోయండి. నీళ్ళలో కంటే మట్టిలోనే ఈ మొక్క ఏపుగా పెరుగుతుంది. కుండీ కింద పళ్ళెంలో మాత్రం నీళ్ళు నిలవనీయవద్దు.

ఎరువు, జబ్బులు

రైతు చేతికి ఎరువు వేయనిదే తోచదు. ఈ మొక్క దగ్గర ఆ చేతిని కొంచెం పట్టి ఉంచండి. నీళ్ళలో ఉన్న మొక్కకు రెండు నెలలకొకసారి, నీటిలో కరిగే 19:19:19 ఎరువును లీటరు నీటికి పావు గ్రాము చొప్పున, అంటే చిటికెడులో సగం, కలిపి పోస్తే చాలు. చలికాలంలో అదీ అక్కరలేదు. కొత్తగా కొన్న మొక్కకు మొదటి రెండు మూడు నెలలు ఏమీ వేయవద్దు. యూరియా పలుకులు గిన్నెలో వేస్తే రెండు రోజులలో వేళ్ళు మాడిపోతాయి.

కుండీలో పెంచేవారు సూపర్ ఫాస్ఫేటు వేయవద్దు. వేరుసెనగకు అది మంచి ఎరువే గాని, అందులో కొంత ఫ్లోరైడు ఉంటుంది. చేని పంటకు అది లెక్కలోకి రాదు, డ్రసీనాకు మాత్రం వస్తుంది. కుండీ మట్టిలో చిటికెడు సున్నం కలిపితే, మట్టిలోని ఫ్లోరైడు మొక్కకు అందడం తగ్గుతుంది.

ఆకులు పసుపుబారితే మూడు సంగతులు చూడండి. ఎండ తగులుతున్నదా, ఎరువు ఎక్కువైందా, నీళ్ళు పాతబడ్డాయా? అడుగున ఒకటి రెండు ముసలి ఆకులు పసుపురంగుకు తిరిగి రాలడం సహజమే. కర్రే పసుపుబారి, వేలితో నొక్కితే మెత్తగా దిగబడుతుంటే మాత్రం అది కుళ్ళు. ఆ కర్రను వెంటనే తీసివేయాలి. ఉంచితే ఆ నీళ్ళలోని తక్కిన కర్రలు కూడా చెడిపోతాయి. పైన పచ్చగా గట్టిగా ఉన్న భాగం మిగిలితే, దానిని కోసి వేరే గిన్నెలో పెట్టి బతికించుకోవచ్చు. కాడకు గట్టిగా బిగించిన తీగను, దారాన్ని వదులు చేయండి. కాడ లావయ్యేకొద్దీ అది కోసుకుపోతుంది.

పత్తిరైతులకు తెలిసిన పిండినల్లి దీనికీ పడుతుంది. ఆకు మొదట్లో తెల్లని దూదిలాగ కనిపిస్తుంది. సబ్బునీళ్ళలో ముంచిన దూదితో తుడిచివేసి, మంచినీళ్ళతో కడిగితే పోతుంది. చేనికి కొట్టే మందు ఇంట్లో ఉంది గదా అని దీని మీద కొట్టవద్దు. మూడు కర్రల కోసం ఇల్లంతా విషం చేసుకోకూడదు.

కొత్త మొక్కలు చేసుకోవడం

ఒకసారి కొన్న మొక్కకు మళ్ళీ డబ్బు పెట్టనక్కరలేదు. పక్కకు వచ్చిన పిలక నాలుగైదు అంగుళాలు పెరిగాక, శుభ్రమైన పదునైన కత్తితో కాడకు దగ్గరగా కోయండి. కింది ఆకులు తీసివేసి, మొదలు మాత్రం మునిగేటట్లు మంచినీళ్ళలో నీడన పెట్టండి. నాలుగు వారాలకు అటూ ఇటూగా వేళ్ళు వస్తాయి. పొడుగు కర్రనైతే చెరకు ముచ్చెలలాగ, ఒక్కొక్క ముక్కకు రెండు మూడు కణుపులు ఉండేటట్లు కోసి నాటవచ్చు. ఏది కిందో ఏది పైనో గుర్తుపెట్టుకోండి. కోసిన తల్లికర్ర ఆ కోత నుంచి పైకి పెరగదు, దాని కింది కణుపు నుంచి కొత్త పిలక వేస్తుంది. కోసినచోట కొవ్వొత్తి మైనం అద్దితే ఆరిపోకుండా, కుళ్ళకుండా ఉంటుంది.

మెలికలు తిరిగిన కర్రలు వేరే జాతివి అనుకోవద్దు. మొక్క వెలుతురు వైపు వంగుతుందన్నది మనకు తెలిసిన విషయమే. ఒక పక్క తెరిచిన పెట్టెలో మొక్కను పెట్టి, వంగినకొద్దీ కొంచెం కొంచెంగా తిప్పుతూపోతే కాడ మెలిక తిరుగుతుంది. నెలల తరబడి ఓపిక పట్టాలి, అందుకే వాటికి ధర ఎక్కువ.

దీనిని అమ్మకానికి పెంచవచ్చునా అని మహిళా సంఘాలవారు అడుగుతున్నారు. షేడ్‌నెట్ నీడ, ఉప్పులేని నీళ్ళు, దగ్గరలో పట్నం, ఈ మూడూ ఉంటే ప్రయత్నించవచ్చు. అయితే పది కర్రలతో మొదలుపెట్టి, వాటి పిలకలతోనే పెంచుకుంటూ పొండి. కొనేవారెవరో తేల్చుకోకుండా అప్పుచేసి వేల కర్రలు తెప్పించవద్దు. కడియం, కడియపులంక నర్సరీలకు ఒకసారి వెళ్ళి, అక్కడివారు ఎట్లా పెంచుతున్నారో, ఎట్లా అమ్ముతున్నారో కళ్ళారా చూసి రండి. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటే మాత్రం ఈ పని జోలికి పోవద్దు.

చివరిగా రెండు మాటలు

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఏ ఇంటికి వెళ్ళినా ఈ గిన్నె కనిపిస్తే, "ఒకసారి చూడవచ్చునా అమ్మా?" అని అడిగి చేతిలోకి తీసుకోండి. డెంగీ గురించి, ఫ్లోరైడు గురించి సభ పెట్టి చెబితే పదిమంది వింటారు, ఐదుగురు మరిచిపోతారు. వాళ్ళ గిన్నెలోనే కదులుతున్న పురుగును చూపించి చెబితే ఆ ఇల్లాలు మరిచిపోదు. ఆ మాట మీదనే కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనుక పళ్ళెం, దొడ్లో పాత టైరు, కొబ్బరి చిప్పలు కూడా చూసి రండి. మొక్కను పారవేయమని మాత్రం చెప్పకండి. ప్రేమతో ఎవరో ఇచ్చిన మొక్క అది.

మూడు కర్రలుంటే సుఖం, సంపద, ఆయుష్షు అని, నాలుగు ఉండరాదని చైనావారి నమ్మకం. నాలుగు అనే మాట వాళ్ళ భాషలో చావు అనే మాటలాగ వినబడుతుందట. ఎవరి నమ్మకం వారిది, దానితో మనకు పేచీ లేదు. ఎన్ని కర్రలున్నా సరే, శుక్రవారం నీళ్ళు మార్చే మనిషి ఒకరు ఇంట్లో ఉండాలి.

సంక్రాంతి ముందు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. గాజుగిన్నె స్థానంలో మట్టికుండీ ఉంది. మాడిన ఆకులపైన నాలుగు కొత్త ఆకులు, కొసదాకా పచ్చగా, నిలువుగా లేచి ఉన్నాయి. మనుమడు చెండు పట్టుకొని వాకిట్లో ఆడుతున్నాడు. "నీళ్ళ సీసా పరీక్షకు పంపినం సారూ, బోరుల ఫ్లోరైడు రెండు దాటిందట. ఇప్పుడు చేనికి ఇంటి నీళ్ళే మోసుకపోతున్నం" అన్నది అవ్వ.

మీ ఇంట్లో కూడా ఈ మొక్క ఉంటే, ఇది చదవడం ముగించి, ఒకసారి గిన్నె ఎత్తి వెలుతురులో చూడండి.